అరగంటలో ఆరు ప్లగ్గులు మారవు

గ్యారేజీ వాళ్లిచ్చే ఎస్టిమేట్‌లో ఒక్కోసారి ఒక వరుస కనిపిస్తుంది: ‘ఇన్‌టేక్ మానిఫోల్డ్ రిమూవ్ అండ్ రీఫిట్’. దాని పక్కనున్న అంకె, మార్చాల్సిన పార్టు ధర కంటే పెద్దగా ఉంటుంది. అది చూడగానే మనలో చాలామందికి వచ్చే మొదటి అనుమానం, ‘ఆడమనిషినని అదనంగా వేశాడా?’ అని. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమే కావచ్చు. నా విషయంలో మాత్రం ఆ వరుస ఉన్న కాగితం నిజాయితీగా ఉంది. ఆ వరుస లేని కాగితమే నన్ను మోసం చేసింది.

మేం జెబెల్ అలీలో, డిస్కవరీ గార్డెన్స్‌లో ఉంటాం. నేను ఫ్రీ జోన్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తాను. మా ఆయనది ఆఫ్‌షోర్ ఉద్యోగం. 28 రోజులు సముద్రం మీద, 28 రోజులు ఇంట్లో. అంటే ఏడాదిలో సగం రోజులు పాప స్కూలు, నా ఆఫీసు, సరుకులు, డాక్టరు అన్నీ నేనూ, మా కారూ. 2021 నుంచి మాకు దగ్గర్లోనే మెట్రో స్టేషన్ ఉంది, కాదనను. కానీ 1979లో పోర్టు కోసం, 1985లో ఫ్రీ జోన్ కోసం తీర్చిన ఊరిది. ఇక్కడి దూరాలు కంటెయినర్ లారీల కొలతల్లో ఉంటాయి, మనుషుల కాళ్ల కొలతల్లో కాదు. స్టేషన్ నుంచి మా గోడౌన్ దాకా ఆగస్టు ఎండలో నడిచి చూడండి, కారు విలాసం కాదని ఒక్క రోజులో తెలుస్తుంది.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న టయోటా ఆరియన్. 3.5 లీటర్ల వి6 ఇంజిన్. గల్ఫ్‌లో మనవాళ్ల దగ్గర బాగా కనిపించే బండే. మీటరు 1,70,000 కిలోమీటర్లు దాటింది.

ఫిబ్రవరిలో ముల్కియా రెన్యువల్‌కి ముందు ఒక గ్యారేజీలో సర్వీసింగ్ చేయించాను. ‘మేడమ్, స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చేద్దాం’ అన్నారు, సరే అన్నాను. ఆరు ప్లగ్గులకు 300 దిర్హమ్‌లు, లేబర్ 120. నేను ఒక టీ తాగి, రెండు మెయిల్స్ పంపేలోపు పని అయిపోయింది. బిల్లులో ఆరు ప్లగ్గులని స్పష్టంగా ఉంది.

ఆగస్టు వచ్చేసరికి సిగ్నల్ దగ్గర బండి ఆగితే స్టీరింగు వణకడం మొదలైంది. ఏసీ వేస్తే మరీ ఎక్కువ. తరువాత పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలిగింది. ఒకరోజు షేక్ జాయెద్ రోడ్డు ఎక్కుతుంటే ఆ లైటు వెలిగి ఆరుతూ మినుకుమినుకుమంది. ఈ రెండింటికీ తేడా ఉంది, గుర్తు పెట్టుకోండి. లైటు నిలకడగా వెలుగుతుంటే తొందరగా చూపించుకోమని అర్థం. మినుకుమంటుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న కెటాలిటిక్ కన్వర్టర్‌లో పడి, దాన్ని వేడెక్కించి పాడు చేస్తుంది. అది మార్చాలంటే వేలల్లో మాట. అందుకే నేను యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, తరువాతి ఎగ్జిట్‌లో దిగిపోయాను.

దగ్గర్లోని ఇంకో గ్యారేజీవాడు కంప్యూటర్ పెట్టి చూసి, ‘ఇంజిన్ ఖోల్నా పడేగా’ అన్నాడు. ఎంతవుతుందంటే 2,600. ఏం విప్పుతారు, ఎందుకు అని అడిగితే, ‘సార్ నంబర్ ఇవ్వండి మేడమ్, ఆయనకు చెప్తాను’ అన్నాడు. సార్ ఆ సమయానికి ఒంటికి తాడు కట్టుకుని సముద్రం మీద పైపుల మధ్య ఉన్నారు. నేను కారు తీసుకుని వచ్చేశాను.

మా బిల్డింగ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే జెబెల్ అలీ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీ చెప్పారు. ఓనరు మలయాళీ, పని చేసేది మన జగిత్యాల అన్న. పద్నాలుగేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఈ దేశాలకు వచ్చినవాళ్ల చేతులు పడని గోడ ఇక్కడ తక్కువ. అతను కంప్యూటర్‌లో వచ్చిన కోడ్ నాకే చూపించాడు: పి0303. పి030 అంటే మిస్‌ఫైర్, చివరి అంకె సిలిండర్ నంబరు. మూడో సిలిండర్.

‘మూడోది ఎన్కటి సైడు ఉంటదక్కా. మానిఫోల్డ్ ఇప్పకుంటే చెయ్యే పోదు’ అన్నాడు.

అప్పటిదాకా నేను వి6 అంటే ఏదో బలమైన ఇంజిన్ అనే అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆరు సిలిండర్లు మూడూ మూడుగా రెండు వరుసల్లో, ఇంగ్లీషు వి అక్షరంలా వాలి ఉంటాయి. మా కారులాంటి వాటిలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. కాబట్టి ఒక వరుస బానెట్ ఎత్తగానే మన ముందు ఉంటుంది. రెండో వరుస వెనక, డాష్‌బోర్డ్ వైపు గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ వెనక వరుస మీద గొడుగులా పరుచుకుని ఉండే పెద్ద నల్లటి ప్లాస్టిక్ డబ్బానే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైభాగం.

అది చేసే పని నాకు మా తెనాలి కాలువల వల్ల వెంటనే అర్థమైంది. పెద్ద కాలువలో వచ్చిన నీళ్లను పిల్ల కాలువలు చేలకు పంచినట్టు, ఒక్క గొట్టంలో వచ్చిన గాలిని ఇది ఆరు సిలిండర్లకు సమానంగా పంచుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. కాబట్టి ఇంజిన్ తాగేది పెట్రోలనుకుంటాం గానీ, ఎక్కువ మింగేది గాలినే. ఈ డబ్బా, ఇంజిన్ కలిసే చోట రబ్బరు గాస్కెట్లుంటాయి, మన కుక్కర్ గాస్కెట్ లాంటివే. తేడా ఒక్కటే. కుక్కర్‌లో గాస్కెట్ పోతే ఆవిరి బయటికి పోతుంది. ఇక్కడ గాస్కెట్ పోతే బయటి గాలి లోపలికి దొంగతనంగా చొరబడుతుంది. లెక్క తప్పి ఇంజిన్ కుంటుతుంది, ఒక్కోసారి బుస్సుమని శబ్దం కూడా వినిపిస్తుంది.

శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. కారు ముందు రాత్రే వదిలిపెట్టమన్నాడు, ఇంజిన్ పూర్తిగా చల్లారాలని. ఈ పని వేడి ఇంజిన్ మీద చేస్తానన్నవాణ్ణి నమ్మకండి. చేతులు కాలడం అతని బాధ, కానీ వేడి మీద అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు విప్పితే మరలు దెబ్బతినే ప్రమాదం మనది. నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏడున్నరకి మొదలైంది.

మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాడు. వైపర్లు, వాటి కింద అద్దం పొడుగునా ఉండే ప్లాస్టిక్ పలక తీశాడు, వెనక చెయ్యి ఆడడానికి. గాలి ఫిల్టర్ గొట్టం, థ్రాటిల్ బాడీ కనెక్టరు. థ్రాటిల్ బాడీకి వెళ్లే రెండు సన్న కూలెంట్ గొట్టాలను క్లిప్పుతో నొక్కిపెట్టాడు, నీళ్లు కారకుండా. తరువాత బ్రేకు బూస్టర్‌కు వెళ్లే గొట్టం, ఇంకో రెండు మూడు చిన్న గొట్టాలు. విప్పిన ప్రతి దానికీ మాస్కింగ్ టేపు చుట్టి పెన్నుతో నంబరు వేశాడు. నా ఫోన్‌తో ఫొటోలు తీయమని నన్నే అడిగాడు. బోల్టులు మాత్రం కోడిగుడ్ల అట్ట ట్రేలో, అవి ఇంజిన్ మీద ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో గుచ్చాడు. పొడవు బోల్టు, పొట్టి బోల్టు తారుమారైతే బిగించేటప్పుడు పగుళ్లొస్తాయట. పండగ వంటల్లో నేను డబ్బాలకు పేర్లంటించినట్టే ఉంది వరస.

వెనకవైపు దన్నుగా ఉండే బ్రాకెట్ దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. కనపడదు, వేళ్లతో తడుముతూ విప్పాలి. తరువాత రెండు చేతులతో డబ్బాను కదిపి పైకెత్తాడు. ఎత్తిన క్షణమే, మరో మాట లేకుండా, ఇంజిన్ మీద తెరుచుకున్న ఆరు రంధ్రాల్లోనూ శుభ్రమైన గుడ్డలు కుక్కాడు.

‘ఒక్క వాషర్ లోపల పడ్డదంటే ఇంజిన్ మొత్తం ఇప్పాలె అక్కా’ అన్నాడు.

ఈ పనిలో అసలు భయం అదే. ఆ రంధ్రాలు నేరుగా వాల్వుల దగ్గరికి, అక్కణ్నుంచి సిలిండర్లలోకి దారి. ఇక్కడైతే ఇసుక కూడా. అందుకే ప్లగ్గులు విప్పే ముందు, అవి కూర్చున్న గోతుల్లోకి గాలి కొట్టి దుమ్మంతా ఊదేశాడు. జెబెల్ అలీలో ఏ రంధ్రం తెరిచినా పొడి ఇసుక ఉంటుంది, మా కిటికీ పట్టాల్లో ఉన్నట్టే.

అప్పుడు వెనక వరుస ప్లగ్గులు మూడూ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. తరువాత ముందు వరుస మూడూ విప్పి, ఆరూ ఒక బట్ట మీద పేర్చాడు. నాకు చెప్పాల్సిన అవసరం రాలేదు. ముందు మూడూ మెరుస్తున్నాయి. వెనక మూడింటి కొసలు అరిగి గుండ్రమయ్యాయి, తెల్లటి పింగాణీ గోధుమరంగుకు తిరిగింది, కంపెనీ కూడా వేరు.

‘ముందటియి మార్చిండ్రు. ఎన్కటియి ఎవ్వలు ముట్టలే. కంపెనీల నుంచి వచ్చినయే ఉన్నట్టున్నయి’ అన్నాడు.

ఫిబ్రవరిలో నా టీ కప్పు గుర్తొచ్చింది. మానిఫోల్డ్ విప్పి, గాస్కెట్లు వేసి, తిరిగి బిగించే పని చేయి తిరిగినవాడికే రెండున్నర, మూడు గంటలు. అరగంటలో ఆరు ప్లగ్గులు మారే ప్రసక్తే లేదు. ఆ బిల్లులో ‘మానిఫోల్డ్ రిమూవ్’ అనే వరుస లేదంటే దానర్థం ఉచితంగా చేశారని కాదు, చేయలేదని. మనకు ఇంజిన్ గురించి ఏమీ తెలియకపోయినా పరవాలేదు, గోడ గడియారం చాలు.

అరిగిన ప్లగ్గులో నిప్పురవ్వ దూకాల్సిన ఖాళీ పెరుగుతుంది. దూకించడానికి కాయిల్ మీద ఒత్తిడి పెరుగుతుంది, అదీ వేడెక్కి దెబ్బతింటుంది. మూడో సిలిండర్ కాయిల్ పోయిందని పరీక్షించి చూపించాడు. చివరికి బిల్లు ఇలా తేలింది: ఆరు ఇరిడియం ప్లగ్గులు ఒక్కోటి 45 చొప్పున 270, మానిఫోల్డ్ గాస్కెట్లు 90, థ్రాటిల్ గాస్కెట్ 25, కాయిల్ 180, లేబర్ 450. మొత్తం 1,015. ఐదు శాతం వ్యాట్‌తో 1,065.75. ముందు మూడు కొత్తవే కదా, ఉంచేద్దామా అని అడిగాను. వాటి మీద కంపెనీ పేరే లేదు. ఆరూ ఒకటే ఉండాలన్నాడు, సబబుగానే అనిపించింది.

ఒక మాట. మనం పార్టు ధర మీద పెద్దగా బేరం ఆడం. డబ్బా మీద ముద్ర ఉంటుంది కాబట్టి నోరు మూసుకుని ఇస్తాం. లేబర్ దగ్గరికి వచ్చేసరికి, ‘రెండు బోల్టులు విప్పినందుకింతా?’ అంటాం. ఆ శనివారం పదిన్నర దాకా, 40 డిగ్రీలు దాటిన షెడ్డులో, కనపడని బ్రాకెట్‌ను వేలికొసలతో విప్పడం చూశాక నాకు ఆ 450 మీద బేరం రాలేదు. ఊళ్లో కూతురు ఇంటర్ చదువుతోందని అతను మాటల్లో చెప్పాడు. ఆ 450 అంతా అతనికి రాదని కూడా నాకు తెలుసు.

బిగించడం విప్పినంత సులువు కాదు. పాత గాస్కెట్లు బాగానే కనిపించినా కొత్తవి వేశాడు. వేడికి నొక్కుకుపోయిన రబ్బరు మళ్లీ అదే ఆకారంలో కూర్చోదు, నెల తిరగకుండా గాలి లీకుతో ఇంకో బిల్లు మొదలవుతుంది. గుడ్డలు తీసేటప్పుడు లెక్క పెట్టాడు, ఆరు. బోల్టులు మధ్యలోంచి బయటికి, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో. కింద ఇంజిన్ లోహం, పైన డబ్బా ప్లాస్టిక్. బలం చూపిస్తే పగిలేది ప్లాస్టికే. పనిలో పనిగా థ్రాటిల్ బాడీలోని నల్లటి మసి స్ప్రేతో కడిగాడు. కూలెంట్ తగ్గినంత పోశాడు. స్టార్ట్ చేశాక ఇంజిన్ రెండు నిమిషాలు అటూ ఇటూ ఊగి 700 దగ్గర నిలబడింది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు అలా కాస్త వెతుక్కోవడం మామూలేనట.

ఈ ‘పనిలో పనిగా’ అనేదే ఇందులో తెలివి. ఫ్రిజ్ జరిపినప్పుడే దాని వెనక గోడ తుడుస్తాం కదా, అలాగే. మానిఫోల్డ్ ఒకసారి పైకి లేచిందంటే వెనక ప్లగ్గులు, వెనక కాయిళ్లు చేతికి అందుతాయి. వెనక వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందా అని ప్లగ్గు గోతుల్లో నూనె ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. పీసీవీ వాల్వు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటే చూసుకోవచ్చు. వీటిలో ఏది ఆరు నెలల తరువాత పాడైనా మళ్లీ అదే లేబర్ కట్టాలి. అలాగని ఇంజెక్టర్లూ, హెడ్డూ కూడా విప్పేద్దామంటే ఒప్పుకోనక్కర్లేదు. నా పనికి పైడబ్బా ఒక్కటే విప్పాలి, పెట్రోలు పైపు జోలికే వెళ్లక్కర్లేదు. ‘ఇంజిన్ విప్పాలి’ అన్న మాట ఇంత పెద్దదానికీ, అంత చిన్నదానికీ ఒకటే వాడతారు. ఏ భాగం విప్పుతారో పేరు చెప్పమనండి.

పాత గ్యారేజీకి వెళ్లాను. చేతిలో ఫిబ్రవరి బిల్లు, జిప్ కవర్లో మూడు పాత ప్లగ్గులు, ఫోన్‌లో ఫొటోలు. ఇక్కడ వినియోగదారుల రక్షణకు 2020 నాటి ఫెడరల్ చట్టం నంబరు 15 ఉంది, చేతిలో బిల్లుంటే ఫిర్యాదుకు బలముంటుంది. ఆ మాట నేను మామూలు గొంతుతోనే అన్నాను. ఓనరు మొదట కుర్రాడు ఉద్యోగం మానేశాడన్నాడు. తరువాత ప్లగ్గులు చూశాడు. మూడు ప్లగ్గుల డబ్బు 150 తిరిగి ఇచ్చాడు. లేబర్ సంగతి ఎత్తితే టీ తెప్పించాడు. పోయిన కాయిల్ డబ్బు గురించి అడిగితే ఇంకో టీ.

మీరు వేరే దేశంలో ఉంటే మీ కారు వేరు కావచ్చు, మానిఫోల్డ్ విప్పే కారణం కూడా వేరు కావచ్చు. అమెరికాలో మనవాళ్లకు ఇష్టమైన సియెన్నా, హైల్యాండర్‌ల 3.5 లీటర్ల వి6లు మాలాగే వెనక వరుస దాచుకున్నవే. నిస్సాన్ మురానో వి6 కూడా అంతే. పాత లెక్సస్, ల్యాండ్ క్రూజర్ వి8లలో కొన్నింటికి స్టార్టర్ మోటారే మానిఫోల్డ్ కింద ఉంటుంది. కాబట్టి స్టార్టర్ మార్చడానికి అది విప్పాలంటే ఆశ్చర్యపోకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. అందుకే వాల్వుల వెనక పేరుకునే మసిని కడిగేవాళ్లుండరు. ఆ మసి తీయడానికి మానిఫోల్డ్ విప్పి, పొడిచేసిన వాల్‌నట్ పెంకును గాలితో చిమ్ముతారు. మన వంటింట్లో బూడిదతో గిన్నెలు తోమినట్టు, లోహం గీసుకుపోకుండా మురికి మాత్రమే పోతుంది. ఇక మామూలు నాలుగు సిలిండర్ల కరోలా లాంటి వాటిలో ప్లగ్గులు నడినెత్తిన ఉంటాయి. ‘ప్లగ్గుల కోసం మానిఫోల్డ్ విప్పాలి’ అని ఎవరైనా అంటే, ఎక్కడ అడ్డం వస్తోందో బానెట్ ఎత్తి చూపించమనండి.

పని ఒప్పుకునే ముందు నేనిప్పుడు అడిగేవి ఎక్కువేం కాదు. కోడ్ నంబరు ఏమిటి, ఏ సిలిండరు, ముందు వరుసా వెనక వరుసా? పైడబ్బానా, కింది భాగం కూడానా? గాస్కెట్లు కొత్తవి వేస్తారా, వాటి ధర ఎస్టిమేట్‌లో ఉందా? ఎన్ని గంటలు పడుతుంది? తీసిన పాత పార్టులు నాకు ఇవ్వాలి, లెక్కతో సహా. ఈ చివరిది మొదటే చెప్పడం మంచిది. పాత ప్లగ్గులు ఆరు కావాలని ముందే తెలిసినవాడు మూడు మార్చి ఊరుకోలేడు. ఇవన్నీ హిందీలో అడిగినా, వచ్చీరాని మలయాళంలో అడిగినా, వాట్సాప్‌లో టైప్ చేసినా పనిచేస్తాయి. ‘సార్‌తో మాట్లాడతాం’ అంటే, ‘కారు నాది, డబ్బు నాది, నాతోనే మాట్లాడండి’ అంటున్నాను. మా ఆయన ఈ మాట విని, ‘కారు మనదనుకున్నానే’ అన్నారు.

బండి ఇచ్చేటప్పుడు జగిత్యాల అన్న ఒక తెల్ల స్టిక్కర్ బానెట్ లోపల అంటించాడు. తేదీ, 1,70,000 దాటిన ఆ కిలోమీటర్లు, మళ్లీ 2,70,000 దగ్గర చూసుకోవాలన్న గుర్తు. కింద బాల్‌పెన్‌తో తెలుగులో, వంకర అక్షరాలతో, ‘ఆరు మార్చినం’ అని రాశాడు.